తల లేని దయ్యం, పేరు లేని మనుషులు

రాత్రివేళ కథ చెప్పమని మారాం చేసే పిల్లలు దయ్యాల కథో, సముద్రపు దొంగల కథో కోరుకోవడం సహజం. భయపెట్టే కథకు ఉన్న ఆకర్షణ అటువంటిది. అయితే ఒక ప్రాంతం తరతరాలుగా ఏ కథను చెప్పుకుంటున్నదో, దేనిని విస్మరించిందో గమనిస్తే అందులో పెద్దలకూ ఒక పాఠం ఉంటుంది. అమెరికాలోని కరోలినా తీరం ఇందుకు చక్కని నిదర్శనం.

నార్త్ కరోలినా తూర్పు అంచున ఔటర్ బ్యాంక్స్ అనే సన్నని ఇసుక దీవుల వరుస ఉన్నది. ఉత్తరాది చల్లని ప్రవాహమూ, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహమూ ఆ సమీపంలోనే కలుస్తాయి. నీటి అడుగున ఇసుక మేటలు తరచూ చోటు మారుతుంటాయి. వందలాది ఓడలు అక్కడ పగిలిపోయినందున ఆ జలాలకు 'అట్లాంటిక్ శ్మశానం' అనే పేరు వచ్చింది. 1921 జనవరి చివరిరోజున క్యారల్ ఎ. డీరింగ్ అనే ఓడ అక్కడి మేటపై చిక్కుకుని కనిపించింది. అందులో ఒక్క మనిషీ లేడు. ఇటువంటి చోట దయ్యాల కథలు పుట్టకపోతేనే వింత. లోతు తక్కువైన ఆ నీటిపాయల్లోకి పెద్ద యుద్ధనౌకలు రాలేవు. అందుచేత దొంగల చిన్న ఓడలకు అవి మంచి స్థావరాలయ్యాయి.

ఆ దొంగలలో పేరుమోసినవాడు ఎడ్వర్డ్ టీచ్. నల్లని గడ్డం కారణంగా లోకం అతనిని బ్లాక్‌బియర్డ్ అన్నది. 1718 నవంబర్ 22న ఓక్రకోక్ దీవి వద్ద, వర్జీనియా గవర్నరు పంపిన లెఫ్టినెంట్ రాబర్ట్ మేనార్డ్ బలగంతో జరిగిన పోరులో అతడు హతుడయ్యాడు. అయిదు తుపాకీ గాయాలు, ఇరవై కత్తిగాట్లు తగిలాకే అతడు కూలాడని మేనార్డ్ రాశాడు. తల నరికి ఓడ ముందుభాగాన వేలాడదీశారు. సముద్రంలో పడేసిన మొండెం ఆ ఓడ చుట్టూ ఈదిందనీ, నేటికీ తన తలను వెదుక్కుంటూ నీటి అడుగున వెలుగై తిరుగుతున్నదనీ అక్కడివారు చెప్పుకుంటారు.

చరిత్ర చెప్పేది ఇంతకంటే భిన్నంగా ఉంటుంది. 1718 మే నెలలో అతడు చార్ల్స్‌టన్ రేవును దిగ్బంధించి, బందీలను విడిచిపెట్టడానికి కోరినది ఒక మందుల పెట్టె! అతని మరణానంతరం అధికారులు స్వాధీనం చేసుకున్న సరుకులో ముఖ్యమైనవి పంచదార, కోకో, నీలిమందు, పత్తి. పాతిపెట్టిన బంగారం కోసం ఎందరో తవ్వారు గానీ ఆ నిధి కథలలోనే మిగిలిపోయింది.

కథలలో మిగలని సంగతి మరొకటి ఉన్నది. అతని ప్రసిద్ధ నౌక 'క్వీన్ ఆన్స్ రివెంజ్' అంతకుముందు 'లా కాంకార్డ్' అనే ఫ్రెంచి బానిస ఓడ. 1717లో అది పశ్చిమ ఆఫ్రికాలోని వీదా రేవులో 516 మందిని బందీలుగా ఎక్కించుకున్నది. దారిలోనే 61 మంది ప్రాణాలు విడిచారు. ఆ నవంబరులో మార్టినీక్ దీవికి చేరువలో దొంగలు ఓడను చేజిక్కించుకున్నారు గానీ అందులోని మనుషులకు స్వేచ్ఛ లభించలేదు. వారిలో అత్యధికులు మళ్ళీ ఫ్రెంచి వారి చేతికే చిక్కారు. మరుసటి ఏడు నార్త్ కరోలినా తీరంలో మేటనెక్కి మునిగిన ఆ నౌక శిథిలాలు 1996లో బయటపడ్డాయి. ఒక దొంగ తల కోసం మూడు వందల ఏళ్లుగా కథ నడుస్తున్నది. ఆ 61 మందికి కథ సంగతి అటుంచి, పేర్లు కూడా మిగలలేదు.

ఆ ఓడల అడుగున ఎటువంటి మనుషులు ఉండేవారో తెలియాలంటే, తొంభై ఏళ్ల తరువాత అదే చార్ల్స్‌టన్ రేవులో దిగిన ఒకరి జీవితం చూడాలి. సెనెగల్ ప్రాంతపు ఫూతా తోరోకు చెందిన ఉమర్ ఇబ్న్ సయీద్ పాతికేళ్లు విద్యనభ్యసించిన పండితుడు. 1807లో ఆయనను బంధించి తెచ్చి అమ్మివేశారు. క్రూరుడైన యజమాని నుంచి తప్పించుకుని పోతూ ఫయెట్‌విల్‌లో పట్టుబడిన ఆయన, చెరసాల గోడలపై అరబీలో రాయసాగాడు. చూసినవారు నివ్వెరపోయారు. చర్చిలో బాప్తిస్మం పొందినట్లు నమోదైన పదేళ్ల తరువాత, 1831లో ఆయన తన జీవితగాథను అరబీలోనే రాశాడు. దానిని సూరా అల్ ముల్క్‌తో ప్రారంభించాడు. సర్వాధిపత్యం అల్లాహ్‌దేనని చాటే సూరా అది. మనిషిపై మనిషి యాజమాన్యం చెలాయిస్తున్న చోట, బానిసగా ఉన్న మనిషి ఎంచుకున్న ఆరంభమది. ఆయన బానిసగానే కన్నుమూశాడు. ఆ రాతప్రతి నేడు అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నది.

కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లలకు దొంగల కథలు చెప్పవద్దని ఎవరూ అనరు. కానీ మరణించినవారు బర్జఖ్‌లో ఉంటారనీ, తలలు వెదుక్కుంటూ నీళ్లలో తిరగరనీ మన విశ్వాసం. ఆ మాట చెప్పి పిల్లల గుండెల్లోని బెదురు పోగొట్టండి. ఆ పిమ్మట, "ఆ ఓడ అడుగున ఎవరున్నారో తెలుసా?" అని అడగండి. పిల్లలు తెలియదంటారు. ఉమర్ ఇబ్న్ సయీద్ కథ అక్కడ మొదలుపెట్టండి. దయ్యం భయం తెల్లవారితే పోతుంది. అన్యాయానికి గురైనవారిని గుర్తుంచుకునే అలవాటు మాత్రం వారితో జీవితాంతం ఉంటుంది.