కరవునాటి గోపురము

మెదకు చర్చిని చూచివచ్చినవారు మొట్టమొదట గోపురపు టెత్తునే చెప్పుదురు. అది 175 అడుగులని కొందరు, చార్మినారుకంటె పొడవని కొందరు, కాదని మరికొందరు తగవులాడుదురు. కట్టడమును అడుగుల లెక్కతో మెచ్చుకొనుట పెండ్లిని విస్తళ్ల లెక్కతో మెచ్చుకొనుటవంటిది. నాకైతే, వెస్లీ శిష్యులు అంతటి గోపురము నెత్తుట కెట్లు సమ్మతించిరన్న ప్రశ్నయే రుచించును.

ఏలయన, మెథడిస్టు సంప్రదాయమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ప్రార్థనాగృహము నిరాడంబరముగా నుండవలెనని, వీలైనచోట ఎనిమిది మూలలతో కట్టుట మేలని తలచినవాడు. 1778లో లండను నగరమున ఆయన తెరచిన మందిరము సైతము ఇటుకలతో కట్టినదే. అట్టి వంశమున పుట్టిన వెస్లియను మిషనువారు, చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పూనికతో, 200 అడుగుల పొడవును 100 అడుగుల వెడల్పును గల గొతిక్ దేవాలయమును మెదకు మెట్టభూములలో లేపి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించుట కులాచారమునకు విరుద్ధమే.

కాని అది కరవుకాలము. ఊరక ధర్మము పెట్టక, పని యిచ్చి కూడు పెట్టవలెనని పాస్నెట్ దొర సంకల్పించెను. వెస్లీ మెచ్చు చిన్న గృహమే కట్టియుండినచో పని కొలదినెలలలో ముగిసి, ఆకలి మరల గడపలో నిలిచియుండెడిది; మొనదేలిన కమానులు, బారులుతీరిన స్తంభములు, ఏండ్లు పట్టిన గోపురము, రాయి వెంట రాయి చెక్కి మోయవలసిన ఈ అలంకారమంతయు ఎందరికో పూటకూడైనది. కావున దీనిని ఆడంబరమని నిందించుటకు నాకు నోరాడదు.

రాతిపనివలెనే ఈ చర్చికి చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రచించిన రంగుటద్దపు కిటికీలు మూడును ఒక్కమారు రాలేదు: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమరినవి, కథ వరుస తప్పి వచ్చినదన్నమాట! వెలుపలినుండి చూచిన మసిబారిన గాజును, సీసపుబద్దల అల్లికయు తప్ప మరేమియు కానరాదు. గడప దాటి తల యెత్తిన తోడనే ఆ గాజే నీలముగా, కెంపుగా వెలుగును. దారిచూపువారు కొలతలతో ఆరంభింపక, ముందు రాతిగోడకడ నిలిపి కరవుపని సంగతి చెప్పి, పిమ్మట ఆ వెలుగు చూపిన బాగుండును. అదియు పొద్దుండగానే, ప్రొద్దు క్రుంకినచో లోపలివారికిని ఆ కిటికీలు నల్లని పలకలే.