చిట్టెలుకలు చెప్పిన గడువు

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, క్లుప్తంగా ఎస్ఎంఏ, అనగానే మనకు గుర్తొచ్చేది 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్, దాని కోసం తల్లిదండ్రులు సేకరించే విరాళాలు. డబ్బు మీద ఇంత చర్చ జరిగింది కానీ, ఈ జబ్బు గురించి చిట్టెలుకలు చెప్పిన రెండు సంగతులు ప్రయోగశాలలు దాటి పెద్దగా బయటికి రాలేదు. విధానాలు రాసేవాళ్లు ముందు వినాల్సింది వాటినే అని నా అభిప్రాయం.

జబ్బుకు మూలం 5వ క్రోమోజోమ్ మీది ఎస్ఎంఎన్1 జన్యువు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతులూ పనిచేయకపోతే జబ్బు వస్తుంది. మనుషుల్లో దానికి ఎస్ఎంఎన్2 అనే జంట జన్యువు ఉంది కానీ, అది తయారుచేసే ప్రొటీన్‌లో ఎక్కువ భాగం అసంపూర్ణం, నిలవదు. చిట్టెలుకకు ఆ జంట కూడా లేదు. ఉన్న ఒక్క జన్యువునూ తొలగిస్తే అది పిండంగానే చనిపోతుందని 1997లో తేలింది. 2000లో మనిషి ఎస్ఎంఎన్2ను అందులో ప్రవేశపెట్టాకే ఈ జబ్బుతో పుట్టే చిట్టెలుక పరిశోధకులకు దొరికింది.

ఎస్ఎంఏను మనం చాలక నాడీకణాల జబ్బు అంటాం. కానీ కండరం ఎంత సాగిందో వెన్నుపాముకు కబురందించే జ్ఞాన నాడీకణాలు వేరే ఉన్నాయి. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగిరేది వాటివల్లే. చాలక కణాలు చనిపోకముందే, వాటితో ఈ జ్ఞాన కణాలకున్న సంధులు తగ్గిపోతున్నాయని 2011లో జార్జ్ మెంటిస్ బృందం చిట్టెలుకల్లో చూపింది. 2017లో అదే బృందం మరో అడుగు వేసింది. జ్ఞాన కణాల్లో మాత్రమే ప్రొటీన్‌ను తిరిగి నింపితే, చాలక కణాల్లో లోపం అలాగే ఉన్నా, అవి మళ్లీ చురుగ్గా సంకేతాలు పంపాయి. ఎలుకల కదలిక మెరుగుపడింది. అంటే చాలక కణాల్లో కొన్ని బతికే ఉన్నాయి, కబురందక మూగబోయాయి. ఈ ఆలోచనతోనే పిట్స్‌బర్గ్ పరిశోధకులు ముగ్గురు పెద్దవాళ్లలో వెన్నుపాములోకి వెళ్లే జ్ఞాన నాడులను విద్యుత్తుతో ప్రేరేపించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నిమిషాల నడకలో ముగ్గురూ కనీసం 20 మీటర్లు అదనంగా నడిచారు. ముగ్గురితో చికిత్స ఖరారు కాదు, నిజమే. కానీ ఎలుకల మీద పరిశోధన దేనికని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

రెండో సంగతి మరింత కఠినమైనది. 2010 నాటి జన్యు చికిత్స ప్రయోగంలో, పుట్టిన మర్నాడే మందు అందిన చిట్టెలుకలు 250 రోజులు దాటి బతికాయి. అందనివి రెండు వారాలు గడవడమే కష్టం. 5వ రోజున ఇస్తే ఫలితం కొంతే. 10వ రోజుకు దాదాపు శూన్యం. మందు అదే, మోతాదు అదే, మారింది రోజులే.

మన దగ్గర ఏం జరుగుతోంది? అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద కోల్‌కతాలో ఐపీజీఎంఈఆర్–ఎస్ఎస్‌కేఎం, హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ ప్రత్యేక కేంద్రాలుగా ఉన్నాయి. రోగికి ఇచ్చే సాయం 50 లక్షల వరకు. రిస్డిప్లామ్ సీసా ఆరు లక్షలకు పైగా ఉన్నప్పుడు, 20 కిలోలు దాటిన రోగికి ఆ సొమ్ము మూడు నెలల మందుకు సరిపోయేది. 2025లో కోర్టు వివాదం దాటి హైదరాబాద్‌కు చెందిన నాట్కో జనరిక్ సీసాను 15,900 రూపాయలకు తెచ్చింది. ఏడాదికి 30 సీసాలు అనుకుంటే ఐదు లక్షల లోపే. అదే 50 లక్షలు ఇప్పుడు పదేళ్లు వస్తాయి.

కాబట్టి ఇక డబ్బు ఒక్కటే అడ్డంకి అనలేం. బిడ్డ మెడ నిలపడం లేదని ఇంట్లో గమనించి, ఊరి డాక్టరు నుంచి జిల్లాకు, అక్కడి నుంచి కోల్‌కతాకో హైదరాబాద్‌కో చేరేసరికి ఎలుకలు చెప్పిన గడువు దాటిపోతోంది. పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో ఎస్ఎంఎన్1 ఉందో లేదో రియల్ టైమ్ పీసీఆర్‌తో తెలుస్తుంది. కొవిడ్ కాలంలో జిల్లాలకు చేరిన యంత్రాలు ఆ కోవలోవే. అందరు శిశువులకూ ఒకేసారి కుదరకపోతే, ఇప్పటికే ఎస్ఎంఏ బిడ్డ ఉన్న ఇళ్లతో మొదలుపెట్టవచ్చు. ఆ ఇళ్లలో పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది, వాళ్ల చిరునామాలు ఈ కేంద్రాల రికార్డుల్లోనే ఉంటాయి.