కిటికీలోని కొండ



ఈ నెల చిరుధాన్యముల వంటలను గూర్చి వ్రాయుదునని పోయిన నెల ఈ పుటలో మాట యిచ్చితిని. దానిని వచ్చు నెలకు వాయిదా వేయుచున్నందుకు మన్నింపుడు. కారణము మా చిన్నకోడలు. పండుగకు నగరమునుండి వచ్చినపుడు ఆమె చేతిలో ఒక బట్టసంచి యుండెను. దానిమీద ముదురు నీలివన్నె అల యొకటి పడగ విప్పిన నాగువలె లేచి నిలిచియున్నది. "అత్తమ్మా! ఇందులో కొండ యెక్కడున్నదో చెప్పుండ్రి" అని యామె నన్నడిగినది. కంటియద్దములు సవరించుకొని యెంత వెదకినను నాకు అలలు, నురుగు, మూడు పడవలు తప్ప మరేమియు కనబడలేదు. కడకు ఆమెయే వ్రేలు పెట్టి చూపినది. రెండలల నడుమ పల్లములో, మరియొక చిన్న అల యని నేను భ్రమపడినదే, నెత్తిన మంచు గల కొండ!

అది జపాను దేశపు ఫ్యూజీ పర్వతము. ఆ బొమ్మ గీసినవాడు హోకుసాయి యను చిత్రకారుడు. ఆయన 1760లో పుట్టి 1849లో గతించెను. డెబ్బదియేండ్లు నిండిన ముదిమిలో, 1830 ప్రాంతమున మొదలుపెట్టి, ఆ యొక్క కొండనే విషయముగా గైకొని ముప్పదియారు బొమ్మలను వరుసగా గీసి కొయ్య అచ్చులతో వేయించెను. అవి ప్రజలకు మిక్కిలి నచ్చుటచే ప్రకాశకుడు మరి పది చేర్పించెను. కావున పేరునకు ముప్పదియారు దృశ్యములే యైనను లెక్కకు నలుబదియారు. మన శతకములలో నూటికి పైబడి పద్యములుండుట లేదా, ఇదియు నట్టిదే. ఆ వరుసలోని అల బొమ్మ నేడు సంచులమీదను, గిన్నెలమీదను ఎక్కినది. 2024లో జపాను ప్రభుత్వము వెలువరించిన వేయి యెన్‌ల నోటు వెనుకను అదియే యున్నది.

నాలుగు దినములు కోడలు తన ఫోనులో ఆ నలుబదియారును నాకు చూపినది. మొదట నాకు కొంత నిరాశయే కలిగెనని దాచక చెప్పుదును. కొండను గూర్చిన బొమ్మలనగా కొండయే నిండుగా నుండుననుకొంటిని. ఫ్యూజీ 3,776 మీటరుల యెత్తు గలది, ఆ దేశమున దానిని మించినది లేదు. అట్టి కొండ పెక్కు బొమ్మలలో బొటనవ్రేలి గోరంత! పెద్దగా కనబడువారు పనివారు. ఒక బొమ్మలో ఒకడు అడుగు లేని పెద్ద కొయ్యతొట్టిలో కూర్చుండి చిత్రిక పట్టుచున్నాడు. ఆ తొట్టి గుండ్రములోనుండి, దూరముగా పొలముల కావల, చిన్న ముక్కోణమువలె ఫ్యూజీ. ఇంకొకదానిలో దుకాణపు టింటికప్పుమీద పెంకులు కప్పువారు, వారి ప్రక్కనే మరియొక కప్పువలె ఫ్యూజీ. తేయాకు తోటలో పని చేయు ఆడువారి వెనుక ఫ్యూజీ. వీరిలో చాలమంది తలయెత్తి దానివంక చూచుట లేదు. అది యచ్చట నున్నది, వీరిచ్చట నున్నారు. రెండవసారి చూచునపుడు నా నిరాశ పోయినది. ఇంటి పనిలో నుండు మనకు కొండ కనబడునది ఇట్లే కదా! పొయ్యిమీది పాలు పొంగునేమో యని ఒక కన్ను, కిటికీ బయట ఒక కన్ను.

ఆడువారు కొండను తీరికగా చూచుచున్న బొమ్మలును లేకపోలేదు. యోషిదా యను మజిలీ ఊరిలో ఒక పూటకూటి యింటికి "ఫ్యూజీ కనబడు తేనీటిశాల" యని పేరు. అందు బాటసారులైన ఇద్దరు స్త్రీలు కూర్చుండగా, వడ్డించు స్త్రీ వారికి వెడల్పాటి కిటికీలోనుండి కొండను చూపుచున్నది. ఒక ప్రక్కన ఒక కూలివాడు కొయ్యసుత్తితో గడ్డిచెప్పులను మెత్తగా కొట్టుకొనుచున్నాడు. నాకు మిక్కిలి నచ్చినది ఎజిరి యను చోటి గాలి బొమ్మ. దారిన పోవుచున్న ఒక యిల్లాలి రొమ్ములోనుండి కాగితములు జారి ఆకాశమంతట ఎగిరిపోవుచున్నవి. ఒకని టోపీ పోయినది. అందరును వంగి, బట్టలు పట్టుకొని యున్నారు. వెనుక ఫ్యూజీని ఒకే గీతతో గీసి విడిచెను. గాలికి కదలనిది అదొక్కటియే.

ఇవి రాజుల మందిరములకై గీసిన పటములు కావు. ఒకటి రెండు గిన్నెల నూడుల్సునకగు వెలకు బజారులో దొరకెడివి. అంత చౌకగా నుండుటకు కారణము అచ్చు. చిత్రకారుడు పలుచని కాగితముమీద గీసి యిచ్చును. దానిని చెర్రీ కొయ్య పలకపై బోర్లించి అంటించి, గీతలను మాత్రము మిగిల్చి, తక్కిన కొయ్యను చెక్కువాడు తొలిచివేయును. రంగున కొక్కొక పలక. ప్రతి పలక మూలను చిన్న గంటు పెట్టి, కాగితపు అంచును అందులో ఆనించినచో రంగు రంగు సరిగా ఒకదానిపై నొకటి కూర్చుండును. మన కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ బట్టలకు టేకు అచ్చులు చెక్కువారును రంగున కొక అచ్చు చేయుదురు గదా. ఒక్క అచ్చు వెంట్రుకవాసి జరిగినను పూవు ఒకచోట, దాని యెరుపు ఒకచోట పడును. జపానువారి అచ్చువాడు మనవారివలె అచ్చును బట్టమీద వేసి కొట్టడు. పలక క్రింద నుండును, కాగితము పైన. వెదురుపొర చుట్టిన చిన్న బిళ్ళతో కాగితము వీపు రుద్దును. బొమ్మమీద హోకుసాయి పేరున్నది. అచ్చువేయించిన నిషిమురాయా యోహచి పేరును చరిత్రలో నిలిచినది. చెక్కిన చేతుల పేరు, రుద్దిన చేతుల పేరు మాత్రము బొమ్మమీద లేవు.

రంగును గూర్చి ఒక మాట చెప్పక తీరదు. ఆ నీలము 1706 ప్రాంతమున జర్మనీలోని బెర్లినులో పుట్టినది. జపానులో అంతకుముందు పూవులనుండి తీయుచుండిన నీలము ఇట్టే వెలిసిపోవునది. ఈ క్రొత్త నీలము చౌకగా దొరకుట 1820ల చివరనే. ముసలి చిత్రకారుడు దానిని చూచి పసిపిల్లవానివలె మురిసియుండును! మొదటి ముప్పదియారింటిలో అంచుగీతలుకూడ నల్లగా గాక నీలముగా నుండును. వానికి నీలిమందును, బెర్లిను నీలమును కలిపి వాడిరి. మేముండు నల్లగొండకు పూర్వము నీలగిరి యని పేరుండెనని చెప్పుదురు. నల్లనిదా, నీలిదా యని మా యింట అప్పుడప్పుడు వాదము జరుగును. వాన వెలిసిన సాయంకాలము మేడమీదినుండి లతీఫ్ సాహెబు గుట్టను చూచినచో ఇరుపక్షములవారును నిజమే చెప్పుచున్నట్లు తోచును.

హోకుసాయికి ఒక కుమార్తె. చిన్ననాటి పేరు ఎయి. ఆమెయు చిత్రకారిణియే, చిత్రకారునే పెండ్లాడినది. భర్త గీసిన బొమ్మలు బాగుగా లేవని నవ్వెడిదట! కాపురము నిలువలేదు. తండ్రి యింటికి మరలి వచ్చి ఆయన గతించువరకు ఆయనతోనే యుండి గీయుచుండెను. తండ్రి ఆమెను "ఓయి" యని కేక వేయుచుండుటచే ఆ పేరే నిలిచెనని యొక కథ గలదు. ఆశ్చర్యమేమనగా మన భాషలో ఆ పిలుపు నకు ఏ యర్థమో వారి భాషలోను అదియే. ఆ యింట తండ్రీబిడ్డ లిరువురును వంట చేయరు, ఊడ్వరు. ఇల్లు మరీ పాడైనచో వేరొక యింటికి మారెడివారు. హోకుసాయి జీవితకాలమున తొంబదిమూడు ఇండ్లు మారెనందురు. సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొందురని నాకు తెలియును. కాని స్త్రీల బొమ్మలు గీయుటలో ఆమె తనకంటె మిన్న యని తండ్రియే చెప్పినట్లు వాడుక. 1847లో అచ్చైన స్త్రీల గృహవిజ్ఞాన గ్రంథ మొకదానికి బొమ్మలు ఆమెవే. తండ్రి కడపటి యేండ్ల చిత్రములలో ఆమె చేయి యెంత గలదో పండితులు నేటికిని తర్కించుచున్నారు. ఆమె పేరు వ్రాసికొన్న బొమ్మలు బహు స్వల్పము.

ఇప్పుడు చెప్పబోవునది విన్నపుడు నేను కోడలి ఫోను క్రింద పెట్టితిని. ఆ బొమ్మలు ఇంటింట తిరుగుచుండిన కాలమున ఆడుది ఫ్యూజీ శిఖర మెక్కరాదు. అది పుణ్యపర్వతము గనుక, స్త్రీలు కొంత మేర పోయి ఆగి, అచ్చటినుండియే మ్రొక్కి మరలవలెను. వరుసలో ఒక్క బొమ్మయందు మాత్రము యాత్రికులు కొండమీదనే యున్నారు. కఱ్ఱలు పట్టుకొని యెక్కువారు, అలసి గుహలో ఒండొరుల నానుకొని కూర్చున్నవారు. ఆ బొమ్మలో కొండ ఆకారము కనబడదు. కొండమీదనున్న వానికి కొండ కనబడదు గదా! ఆ యెక్కు గుంపులో మనబోటివారికి చోటు లేదు. సరిగా ఆ సంవత్సరములలోనే, 1832లో, తకయామా తత్సు అను యువతి పురుషవేషము వేసికొని, కొతానీ సన్షి యను ఫ్యూజీ భక్తుని వెంట శిఖరమెక్కినది. ఎక్కినట్లు తెలియవచ్చిన స్త్రీలలో ఆమెయే మొదటిది. నిషేధమును ప్రభుత్వము తీసివేసినది 1872లో. అనగా నలుబదియేండ్ల తరువాత.

నేను మెట్టినది నల్లగొండ, పుట్టినది పాలమూరు సీమ. మా ప్రాంతమున కార్తికములో కురుమూర్తి స్వామి జాతర జరుగును. స్వామికి ఉద్దాలు, అనగా పాదరక్షలు, వడ్డెమాను గ్రామములో చెప్పులు కుట్టువారే నియమముతో చేయుదురు. వానిని ఊరేగించి కొండకు కొనిపోవుదురు. యోషిదా బొమ్మలో చెప్పులు కొట్టువానిని చూచినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ ఉద్దాలే. మా సీమలో హోకుసాయి పుట్టియుండినచో ఆ కుట్టు చేతులను పెద్దగా గీసి, రెండు వ్రేళ్ళ సందున కురుమూర్తి గుట్టను పెట్టియుండును.

కాని నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చునది అంత పేరుగల కొండ కాదు, మా ఊరి గుట్ట. మా నాయనమ్మకు అదియే గడియారము. గుట్ట నీడ కొట్టము గోడను తాకగానే పాలు పితుకుటకు లేచును. గుట్ట నెత్తిన మబ్బు కూర్చున్నచో, ఎండ కాయుచున్నను, వాకిట ఆరబోసిన జొన్నలు ఎత్తించును. పైన చిన్న గుడి యుండెను. ఏటేట మగవారు పిల్లలను వెంటబెట్టుకొని పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చెడివారు. వారికి సద్ది కట్టి పంపుట నాయనమ్మ పని. ఎనుబదియేండ్లు ఆ గుట్ట యెదుట బ్రతికి ఒక్కసారియు నెక్కలేదు. ఆమెను వద్దన్నవారు లేరు, రమ్మన్నవారును లేరు. పైనుండి మన యిల్లు ఎట్లు కనబడునని పిల్లలమైన మమ్ము అడుగుచుండెను. మేము ఒకరొక తీరున చెప్పెడివారము. ఆమె నమ్మెడిది.

ఎనిమిదేండ్ల క్రిందట ఆ గుట్టలో రాతిగని పెట్టిరి. పలకలు పలకలుగా కోసి లారీలలో తరలించిరి. మొన్న నేను పోయినపుడు గుట్ట సగమే యున్నది, కోసినచోట తెల్లగా, జున్నుముక్కవలె. నీడ కొట్టము దాకా రాదు, కొట్టమును లేదనుకొనుడు. ఆ గుట్ట పటమెవ్వరైన తీసియుందురేమో యని మా తమ్ముని యింట పెట్టెలన్నియు వెదకించితిని. ఒక్కటి దొరకినది, మా పిన్ని పెండ్లిది. ముందు వధూవరులు, పురోహితుడు, బిందెతో మా నాయనమ్మ. వెనుక పందిరి గుంజకును మామిడి తోరణమునకును నడుమ, బెత్తెడు మేర, గుట్ట. కోడలు దానిని పెద్దది చేయించి తెచ్చినది. ఇప్పుడు నా వంటయింటి గోడకున్నది.

కావున ఈ నెల నా కోరిక యిది. మీ వంటయింటి కిటికీనుండియో, నీళ్ళు పట్టు చోటినుండియో, నాటు వేయు మడినుండియో మీకు కనబడు గుట్ట యేది, దాని నేమని పిలుతురు, ఏ పని చేయుచు దానిని చూతురు, ఎప్పుడైన ఎక్కితిరా, ఒక కాగితముపై వ్రాసి ఈ పుటకు పంపుడు. బొమ్మ గీయగలవారు గీయుడు. ముప్పదియారు ఉత్తరములు చేరగానే వానిని వరుసగా అచ్చువేయింతుము. నలుబదియారు వచ్చినను ఇబ్బంది లేదు. చిరుధాన్యముల వంటలు వచ్చు నెలలో తప్పక వ్రాయుదును.