చప్పుడైతే చిక్కినట్టే!

చుట్టూ ఎత్తైన గోడలు. అడుగడుగునా తుపాకీ పట్టుకుని గస్తీ తిరిగే సైనికులు. ఎక్కడ చూసినా కెమెరాలు. అంత పెద్ద కోటలోకి వెళ్లాల్సినవాడు మాత్రం ఒక్కడే. పోనీ చేతిలో తుపాకీ ఏమైనా ఉందా అంటే... అదీ లేదు. ఉన్నదల్లా ఓ వైర్‌లెస్ సెట్టు, సిగరెట్ ప్యాకెట్!

1987లో జపాన్‌లో వచ్చిన 'మెటల్ గేర్' వీడియోగేమ్ మొదలయ్యేది ఇలాగే. అప్పట్లో యుద్ధం గేమ్ అంటే చాలావరకు ఎదురొచ్చినవాణ్ని కాల్చుకుంటూ పోవడమే. మరి ఇందులో దాక్కోవడమేంటి?

కారణం వింటే నవ్వొస్తుంది. ఆ కంప్యూటర్‌కి అంతకుమించి శక్తి లేదు!

దీన్ని తయారుచేసిన హిడియో కొజిమాకి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. సినిమా పిచ్చి. 1986లో కొనామి కంపెనీలో చేరాడు. మొదట తలకెత్తుకున్న గేమ్ కాస్తా మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత చేతికొచ్చింది యుద్ధం గేమ్. అది ఎంఎస్ఎక్స్2 అనే ఇంటి కంప్యూటర్ మీద ఆడాలి. దాని తెర మీద ఒకే అడ్డవరుసలోకి ఎనిమిదికి మించి కదిలే బొమ్మలొస్తే మిగిలినవి మాయమైపోతాయి. హీరో, నలుగురు సైనికులు, వాళ్ల తూటాలు... ఇక యుద్ధమెక్కడ! అందుకే పోరాటం పక్కనపెట్టి, తప్పించుకు తిరగడాన్నే ఆటగా మార్చేశాడు. 1963 నాటి హాలీవుడ్ చిత్రం 'ద గ్రేట్ ఎస్కేప్' కూడా అతనికి స్ఫూర్తే.

ఇందులో కాపలావాడు ఎదురుగా ఉన్నదే చూస్తాడు. పక్కనుంచి పిల్లిలా జారుకోవచ్చు. కొందరైతే నిలబడే కునుకు తీస్తారు. అట్టపెట్టె కప్పుకుని కదలకుండా కూర్చుంటే పట్టించుకోరు. చూశాడా, వాడి నెత్తిన ఆశ్చర్యార్థకం! ఒకటైతే అక్కడున్నవాళ్లే వెంటపడతారు. రెండు కనిపించాయో... బయటినుంచి కూడా దండు దిగుతుంది.

నిజానికి కొజిమా కంటే ముందే, 1981లో అమెరికాలో సైలస్ వార్నర్ 'క్యాజిల్ వుల్ఫెన్‌స్టీన్' రాశాడు. నాజీల కోటలోంచి రహస్య పత్రాలతో బయటపడాలి. శత్రువు యూనిఫాం దొరికితే తొడుక్కుని దర్జాగా నడిచిపోవచ్చు.

1998లో వచ్చిన 'థీఫ్' మరో మెట్టు ఎక్కింది. అందులో హీరోకి చీకటే చుట్టం. తివాచీ మీద నడిస్తే సరే, గచ్చు మీద అడుగు పడిందా... టకటకమని కాపలావాడి చెవిన పడుతుంది. దివిటీలు ఆర్పడానికి నీటి బాణాలుంటాయి. మన పౌరాణిక సినిమాల్లో వారుణాస్త్రమన్నమాట! అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో ఆడేవాళ్లు మనిషనేవాణ్ని చంపడానికే వీల్లేదు. చంపితే ఆట ముగిసినట్టే.

మళ్లీ 'మెటల్ గేర్' దగ్గరికొస్తే... ఇన్నేళ్లయింది కాబట్టి గుట్టు విప్పినా ఫర్వాలేదు. ఆట మొదటినుంచీ వైర్‌లెస్‌లో దారి చెప్పే పై అధికారి ఒకడుంటాడు. చివర్లో అతని సలహాలు తేడాకొడతాయి. చెప్పినట్టు నడిస్తే చిక్కుల్లో పడతాం. ఆఖరికి 'పని ఆపు, వెంటనే కంప్యూటర్ కట్టెయ్' అని ఆజ్ఞాపిస్తాడు. హీరోని కాదు, ఇంట్లో కూర్చుని ఆడుతున్న కుర్రాణ్ని! ఆ మాట విని నిజంగానే స్విచ్ నొక్కేసినవాళ్లకి... కోటని ఏలుతున్నవాడూ, దారి చెప్పినవాడూ ఒక్కడేనని ఎప్పటికీ తెలియదు.