మెక్‌డొనాల్డ్ జీవితం చెప్పే ప్రాతినిధ్య పాఠం

మన చరిత్ర పుస్తకాల్లో రామ్సే మెక్‌డొనాల్డ్‌కు దక్కింది ఒక్క వాక్యం. 1932లో కమ్యూనల్ అవార్డు ప్రకటించి, ‘విభజించి పాలించు’ నీతితో హిందూ సమాజాన్ని చీల్చబోయిన బ్రిటిష్ ప్రధాని అని. విద్యార్థిగా నేనూ ఆ వాక్యాన్నే బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన జీవితాన్ని చదివిన తరువాత ఆ వాక్యం ఎంత దాచిందో అర్థమైంది.

1866లో స్కాట్లాండ్‌లోని లాసీమౌత్ అనే జాలరుల ఊరిలో, పెళ్లికాని పనిమనిషి కడుపున ఆయన పుట్టారు. తండ్రి వ్యవసాయ కూలీ. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు, 1915లో ‘జాన్ బుల్’ పత్రిక ఆయన జనన ధ్రువపత్రాన్ని అచ్చువేసి పుట్టుకను పదిమందిలో ఎగతాళి చేసింది. అయినా 1924లో ఆయనే బ్రిటన్ తొలి లేబర్ ప్రధాని అయ్యారు. అక్కడ పుట్టుక అవమానం ఒక మనిషికి అంటింది, ఒక జీవితకాలంలో తొలగింది. కులం అంటించే అవమానం తరాలది, ఊరిది, వాడది. ఈ తేడాను మరచి రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

ఆయన పుట్టుక కన్నా ఆయన రాజకీయమే మనకు ఎక్కువ అవసరం. 1890లలో ఆయన లిబరల్ పార్టీలో ఉండేవారు. సౌతాంప్టన్‌లో ఆ పార్టీ ఆయనకు టికెట్ నిరాకరించింది. కార్మికుల ఓట్లు కావాలి గానీ కార్మికుల అభ్యర్థులు వద్దన్నది అప్పటి లిబరల్ పెద్దల ధోరణి. పెద్దల దయ మీద ఆధారపడిన ప్రాతినిధ్యం ప్రాతినిధ్యం కాదని గ్రహించినవారు 1900లో లేబర్ ప్రాతినిధ్య సంఘాన్ని స్థాపించారు. దానికి కార్యదర్శి మెక్‌డొనాల్డ్. 1906లో ఆ సంఘం 29 స్థానాలు గెలిచి లేబర్ పార్టీగా మారింది. తమవారిని తామే ఎన్నుకోవాలన్నదే దాని పునాది.

రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేడ్కర్, రెట్టమలై శ్రీనివాసన్ అడిగింది సరిగ్గా ఇదే. 1932 ఆగస్టు 16న వెలువడిన అవార్డు అణగారిన కులాలకు ప్రాంతీయ శాసనసభల్లో 71 ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. అక్కడ తమ ప్రతినిధిని తామే ఎన్నుకుంటూ, సాధారణ నియోజకవర్గంలోనూ ఓటు వేసే రెండు ఓట్ల హక్కు అది. గడువు ఇరవై ఏళ్లు. సామ్రాజ్యానికి దళితులపై ప్రేమ పొంగి ఇచ్చిందని నేను అనను. పాలకుల లెక్కలు పాలకులకున్నాయి. కానీ అడిగినవారి ఆకాంక్షను ఇచ్చినవారి కుట్రగా మాత్రమే చెప్పడం, అడిగినవారి నోరు నొక్కడమే.

తరువాతి కథ తెలిసిందే. సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో గాంధీజీ నిరాహార దీక్ష మొదలైంది, 24న పూనా ఒప్పందం కుదిరింది. స్థానాలు 71 నుంచి 148కి పెరిగాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 18 కాస్తా 30 అయ్యాయి. అంకె పెరిగింది, అధికారం చేయి మారింది. దళితులు నలుగురిని ప్రతిపాదిస్తే, వారిలో ఎవరు గెలవాలో ఉమ్మడి ఓటర్లు తేల్చే పద్ధతి వచ్చింది. కాలక్రమంలో ఆ ప్రతిపాదన హక్కు కూడా పోయి, స్థానం ఒక్కటే మిగిలింది.

ఇతరుల ఓట్లతో నిలిచే నాయకుడికి ఏమవుతుందో మెక్‌డొనాల్డ్ జీవితమే చూపింది. 1931 ఆర్థిక సంక్షోభంలో ఆయన కన్సర్వేటివ్‌లతో కలిసి జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేశారు. లేబర్ పార్టీ ఆయనను బహిష్కరించింది. ఆ ఏడాది ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు సుమారు 470 మంది గెలిస్తే, ఆయన వెంట నిలిచిన నేషనల్ లేబర్ సభ్యులు 13 మంది. కుర్చీ ఆయనది, బలం వారిది. 1935లో సీహామ్ గని కార్మికులు ఆయనను భారీ తేడాతో ఓడించారు. కార్మికుల సొంత గొంతు కోసం పార్టీ కట్టిన మనిషి, ఆ గొంతుకు దూరమై 1937లో సముద్ర ప్రయాణంలో కన్నుమూశారు.

నేడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29, తెలంగాణలో 19 ఎస్సీ రిజర్వుడు స్థానాలున్నాయి. ఉమ్మడి ఓటు వల్ల దళిత ప్రతినిధి అందరికీ జవాబుదారీ అవుతాడన్న వాదనలో కొంత బలం ఉంది. వేరుపడితే ఒంటరి అవుతామన్న భయమూ కొట్టిపారేయదగింది కాదు. కానీ టికెట్ ఇచ్చేది అగ్రకుల నాయకత్వం, గెలుపు తేల్చేది దళితేతర ఓటు అయినప్పుడు, వాడలో దాడి జరిగిన మరునాడు ఆ ఎమ్మెల్యే ఎవరి ముఖం చూసి మాట్లాడతాడు?

ప్రత్యేక నియోజకవర్గాలు మళ్లీ కావాలా వద్దా అన్నది వేరే చర్చ. రెండు ఓట్లతో కోరిన సారాన్ని వేరే దారిలోనైనా ఎలా సాధించాలన్నది మాత్రం వాయిదా వేయలేని చర్చ. విద్యార్థి మిత్రులారా, ఈసారి పరీక్షలో ‘విభజించి పాలించు’ అని రాయవలసి వస్తే రాయండి. దాని పక్కనే ఇంకో వాక్యం కూడా రాయండి: ఈ దేశాన్ని అంతకుముందే విభజించింది కులం, ఆ అవార్డు కాదు.