‘ఎస్ మేడమ్’ అంటే అర్థమైనట్లేనా?

విశాఖ పాతనగరంలో సాయంత్రాలు మేము కొందరం నడుపుతున్న ఇంగ్లీషు తరగతికి పిల్లలతోపాటు తల్లులూ వస్తున్నారు. వారిలో ఒక సోదరి చెప్పిన సంగతి మమ్మల్ని చాలా రోజులు వేధించింది. శుక్రవారంలోగా ఆదాయ ధ్రువపత్రం ఇవ్వకపోతే ఉపకారవేతనానికి దరఖాస్తు పంపలేమని బడిలో ఉపాధ్యాయిని ఇంగ్లీషులో చెప్పారట. అర్థమైందా అంటే ఈమె ‘ఎస్ మేడమ్’ అన్నారు. ఆమెకు అందిన మాట ‘ఫ్రైడే’ ఒక్కటే; ఆ రోజు సెలవు కాబోలు అనుకున్నారు. గడువు దాటింది. ఆ ఏటి ఉపకారవేతనం పోయింది.

తప్పు ఆమెదేనని ఇరుగుపొరుగు తేల్చేశారు. మేము ఒప్పుకోము. నలుగురిలో ‘నాకు అర్థం కాలేదు’ అనడానికి ఎంతో ధైర్యం కావాలి. నిజం చెప్పవలసివస్తే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేమూ ఇంతే. ఎదుట నిలబడిన మనిషి చేతిలో ఇంగ్లీషు మెమో పెట్టి, సంతకం తీసుకుని, మా పని అయిపోయిందనుకునేవాళ్లం.

మన రేవుకు వచ్చే ఓడల్లో పలు దేశాల సిబ్బంది ఉంటారు. వారిలో ఎందరికో ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. అటువంటివారి కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలను ఆమోదించింది. వాటి ప్రకారం చుక్కాని పట్టినవాడు తనకిచ్చిన ఆజ్ఞను తిరిగి పలకాలి. ప్రశ్నకు ‘ఎస్’ అంటే చాలదు, వెంటనే పూర్తి వాక్యం చెప్పాలి. నూటయాభైని ‘వన్, ఫైవ్, జీరో’ అని విడివిడిగా పలకాలి. (ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా తెలియక మా తరగతిలో రోజూ నవ్వులే. నడిసముద్రంలో అది నవ్వులాట కాదు.) ఓడ విషయంలో ఉన్న ఈ జాగ్రత్త బిడ్డ చదువు విషయంలో లేదు.

ప్రభుత్వ పాఠశాలల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి, మంచిదే. అయితే ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ చేతికి అదే పుస్తకం వస్తే, ఎదుటి పేజీ కూడా నేర్చుకోవలసిన భాషే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. ఆ హోదా బడి నోటీసు బోర్డు దాకా రావాలి.

మేము ఇంగ్లీషు వద్దనడం లేదు. వద్దనుకుంటే ఈ తరగతి ఎందుకు నడుపుతాం? తల్లిదండ్రుల సమావేశంలో గడువు, కాగితం, డబ్బు, ఈ మూడింటినైనా తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమంటున్నాం. ఆపై ‘అర్థమైందా’ అనకుండా ‘ఏ రోజు, ఏ కాగితం తెస్తారమ్మా?’ అని అడగమంటున్నాం. మా తరగతిలో ఇప్పుడు అలాగే అడుగుతున్నాం. మొన్న ఆ సోదరి గడువు తేదీ తానే చెప్పి, ‘ఇన్‌కమ్ సర్టిఫికెట్’ అని స్పష్టంగా పలికి, సచివాలయానికి ఎన్ని రోజుల ముందు వెళ్లాలని మమ్మల్నే ఎదురడిగారు.