కోడలి చద్ది ఎవరు చూస్తారు?

1936లో గంజాం ఒరిస్సాలో చేరినా మా బరంపురం తెలుగిండ్లలో చోడి అంబలి పోలేదు. ఇప్పుడు కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే రోజులలో పోయింది. మా యింట తొమ్మిదింటికి నాకు వేడి ఉప్మా అందేది. వండిన కోడలు మాత్రం రెండు బిస్కత్తులు, కప్పు టీతో బస్సెక్కేది. ముప్పదియేండ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టిన నా కంటికి ఇది కనబడనే లేదు. ఆమె ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయి, రక్తం తక్కువని డాక్టరు చెప్పిన నాడు సిగ్గుపడ్డాను.

చోడిపిండి పొద్దున నానవేసి, రాత్రి నూకలతో అంబలి కాచి ఉంచడం ఇప్పుడు నా వంతు. తెల్లవారి మజ్జిగ, ఉప్పు కలిపితే చాలు. మొదటి రోజు ఉండలు కట్టింది; మనుమడు నవ్వాడు. మునగాకు దూయడం, పెసలు నానబోయడం కూడా నాకే వచ్చాయి. ఆకుకూరలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుందట, తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదట. ఆ టీ మాత్రం ఇంకా మాన్పించలేకున్నాను.

పింఛను పుచ్చుకొని అరుగుమీద పత్రిక చదివే నాబోటివారు మా వీధిలోనే పదిమంది ఉన్నారు. కావున తమ పత్రికలో వంటలను స్త్రీల పుటలో గాక అందరూ చదివే పుటలో అచ్చువేయ ప్రార్థన.

— ఒక విశ్రాంత గుమాస్తా, బరంపురం (గంజాం)